బరువును వదులుకోని శరీరం: ఊబకాయం ఎందుకు వస్తుంది, లోపల ఏం చేస్తుంది

ఊబకాయం ప్రస్తావన రాగానే ఎక్కువ మంది నోట వచ్చే సలహా ఒకటే: తక్కువ తినాలి, ఎక్కువ కదలాలి. భౌతికశాస్త్రం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. ఖర్చయ్యే శక్తి కన్నా లోపలికి వెళ్లే శక్తి ఎక్కువైతే మిగిలినది కొవ్వుగా నిలవ ఉంటుంది. అయితే ఆ మిగులు ఎందుకు ఏర్పడిందో ఈ సలహా చెప్పదు. ఒకే తీరుగా తినే ఇద్దరిలో ఒకరు లావెక్కి మరొకరు సన్నగానే ఎందుకు ఉంటారో చెప్పదు. ఎంతో కష్టపడి పది కిలోలు తగ్గిన మనిషి కొన్నాళ్లకు పాత బరువుకే ఎందుకు చేరుకుంటాడో అసలే చెప్పదు. కారణం తెలియని చోట నింద సులువుగా చేరుతుంది. ఊబకాయం ఉన్నవారు తరతరాలుగా మోస్తున్న నింద అదే: తిండిపోతులు, బద్ధకస్తులు, మనోనిబ్బరం లేనివారు అని. గత నలభై ఏళ్ల పరిశోధన ఈ నిందకు ఆధారం లేకుండా చేసింది.

కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బుషార్ బృందం 1990లో ప్రచురించిన ప్రయోగం అందులో ముఖ్యమైనది. 12 జతల ఏకరూప కవలలను, అందరూ యువకులే, పరిశోధకులు తమ పర్యవేక్షణలో ఉంచుకున్నారు. వంద రోజుల వ్యవధిలో 84 రోజుల పాటు ప్రతి ఒక్కరికీ అవసరానికి మించి రోజుకు 1,000 కేలరీల ఆహారం పెట్టారు. అందరూ తిన్న అదనం ఒక్కటే. పెరిగిన బరువు మాత్రం ఒక్కటి కాదు. ఒకరు 4.3 కిలోలు పెరిగితే మరొకరు 13.3 కిలోలు పెరిగారు. ఒకే జతలోని అన్నదమ్ముల మధ్య తేడా తక్కువ. జతకూ జతకూ మధ్య తేడా అంతకు సుమారు మూడు రెట్లు. కొవ్వు శరీరంలో ఏ భాగాన చేరిందన్న విషయంలో కవలల మధ్య పోలిక ఇంకా స్పష్టంగా కనిపించింది.

దీనికి నాలుగేళ్ల ముందే ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మంది వివరాలను పరిశీలించింది. పెద్దయ్యాక వారి శరీర తీరు కన్న తల్లిదండ్రులతో పోలింది. ఏళ్ల తరబడి ఏ ఇంట్లో తిన్నారో, ఎవరి వంట తిన్నారో ఆ పెంచిన తల్లిదండ్రులతో పోలిక కనిపించలేదు. ఆ తరువాత వచ్చిన కవలల అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మనుషుల మధ్య బరువులో కనిపించే తేడాల్లో సుమారు 40 నుంచి 70 శాతం వారసత్వానికి చెందుతుంది. ఇది ఏదో ఒక జన్యువు చేసే పని కాదు. 2007లో గుర్తించిన ఎఫ్‌టీఓ జన్యువులోని ఒక రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చినవారు సగటున మూడు కిలోలు ఎక్కువ బరువుంటారు, అంతే. అలాంటి చిన్న చిన్న ప్రభావాలు వందల కొద్దీ కలిసి ఒక మనిషి మొగ్గును నిర్ణయిస్తాయి. గమనించదగ్గ సంగతి ఏమిటంటే, ఈ జన్యువుల్లో చాలా భాగం మెదడులోనే పనిచేస్తాయి. ఆకలి ఎంత గట్టిగా వేస్తుంది, కడుపు నిండిన భావన ఎంత త్వరగా కలుగుతుంది, ఆహారం కంటపడితే మనసు ఎంతగా లాగుతుంది అన్నవి అవి ప్రభావితం చేసే అంశాలు. ఒకరికి తేలికగా అబ్బిన మితం మరొకరికి రోజంతా సాగే పోరాటం. పైకి కనిపించే తేడా మనోనిబ్బరంలో అనిపిస్తుంది, నిజానికి అది వారికి కలిగే ఆకలిలో ఉంటుంది.

ఆకలిని నడిపేది ఎవరు?

1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోను జన్యువును కనుక్కుంది. అప్పటి వరకు కొవ్వును కదలిక లేని నిల్వగానే చూసేవారు. లెప్టిన్‌తో ఆ అభిప్రాయం మారిపోయింది. ఈ హార్మోనును తయారు చేసేది కొవ్వు కణాలే. అది రక్తంలో ప్రయాణించి మెదడులోని హైపోథాలమస్‌కు చేరి, ఒంట్లో ఎంత నిల్వ ఉందో తెలియజేస్తుంది. నిల్వ తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, దాంతో మెదడు ఆకలి పెంచి శక్తి ఖర్చును తగ్గిస్తుంది. పుట్టుకతోనే లెప్టిన్ లేని ఇద్దరు పిల్లలను 1997లో కేంబ్రిడ్జ్‌లోని సదాఫ్ ఫరూకీ, స్టీఫెన్ ఓరాహిలీ బృందం గుర్తించింది. ఎంత తిన్నా తీరని ఆకలి ఆ పిల్లలది. లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలు పెట్టాక ఆ ఆకలి శాంతించింది, బరువు తగ్గింది. ఎవరూ వారికి నియమాలు నేర్పలేదు. లోపించిన హార్మోను అందింది, ప్రవర్తన దానంతట అదే మారింది.

ఇలాంటి లోపం అత్యంత అరుదు. సాధారణ ఊబకాయంలో లెప్టిన్ తక్కువగా ఉండదు, పైగా ఎక్కువగా ఉంటుంది. మెదడు దాని సందేశాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే లెప్టిన్‌ను మందుగా ఇస్తే ఊబకాయం తగ్గిపోతుందన్న ఆశ చాలా మంది విషయంలో నెరవేరలేదు. లెప్టిన్ దీర్ఘకాలపు లెక్క చూస్తే, పూట పూటకూ పనిచేసే హార్మోన్లు వేరే ఉన్నాయి. జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్న గ్రెలిన్ జీర్ణాశయం నుంచి వెలువడి ఆకలి రేపుతుంది. పేగుల నుంచి వచ్చే జీఎల్‌పీ-1, పీవైవై వంటివి ఇక చాలని చెబుతాయి. తిండి మానడం, తినడం అన్న నిర్ణయం పూర్తిగా మన చేతుల్లో ఉన్నట్టే అనిపిస్తుంది. దాని వెనుక ఇంత యంత్రాంగం ఉందన్న సంగతి మనకు తెలియదు.

జన్యువులు మారలేదు, మరి ఇప్పుడే ఎందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022 నాటికి 250 కోట్ల మంది పెద్దవారు అధిక బరువుతో ఉన్నారు. వారిలో 89 కోట్ల మందికి ఊబకాయం ఉంది. 1990తో పోలిస్తే పెద్దవారిలో ఊబకాయం రెట్టింపు దాటింది, కౌమార వయసు పిల్లల్లో నాలుగింతలైంది. మూడు దశాబ్దాల్లో మానవ జన్యువులు ఇంతగా మారవు. ప్రపంచమంతటా కోట్ల మందికి ఒకేసారి మనోనిబ్బరం సడలిపోవడం అంతకన్నా నమ్మశక్యం కాదు. మారినది చుట్టూ ఉన్న పరిస్థితి. కొరత కాలాల్లో ప్రాణం నిలిపిన గుణం, అంటే దొరికినప్పుడు తిని దాచుకునే శరీరం, ఏ క్షణాన చేయి చాపినా ఆహారం దొరికే కాలంలో భారమైంది.

ఆ ఆహారం ఎలాంటిదన్నది ముఖ్యం. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ చేసిన ప్రయోగం ఈ చర్చకు గట్టి ఆధారం ఇచ్చింది. 20 మందిని నెల రోజులు పరిశోధనా ఆస్పత్రిలోనే ఉంచారు. రెండు వారాలు కర్మాగారాల్లో అతిగా శుద్ధి చేసి తయారైన ఆహారం, రెండు వారాలు పెద్దగా శుద్ధి చేయని ఆహారం ఇచ్చారు. ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటిలోనూ సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినవచ్చు. అతిగా శుద్ధి చేసిన ఆహారం ఇచ్చిన రోజుల్లో వారు తమకు తెలియకుండానే రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. ఆ రెండు వారాల్లో సగటున 0.9 కిలో పెరిగారు, రెండో రకం ఆహారంతో అంతే తగ్గారు. అలాంటి ఆహారం మెత్తగా ఉండి గబగబా గొంతు దిగుతుంది, కొద్ది పరిమాణంలోనే ఎక్కువ శక్తి ఉంటుంది, కడుపు నిండిందన్న సందేశం మెదడుకు చేరేలోపే భోజనం ముగిసిపోతుంది. ఎంత కావాలో అంత తినమన్నప్పుడు మనుషులు ఎంత తింటారన్నది ముందు పెట్టిన పదార్థాన్ని బట్టి మారుతుందని తేలిన తరువాత, తప్పంతా తినేవారిదే అనడం న్యాయం కాదు.

తేడా ఎంత చిన్నదో కూడా చూడాలి. కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కేలరీల శక్తి నిల్వ ఉంటుంది. ఏడాదికి ఒక కిలో చొప్పున పెరగాలంటే రోజుకు సగటున 21 కేలరీలు నిల్వలోకి చేరితే చాలు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి ఇది ఒక్క శాతం. ఏ మనిషీ తన తిండిని ఒక్క శాతం కచ్చితత్వంతో కొలుచుకోలేడు. కొలిచేది శరీరమే, ఆ కొలతను పరిసరాలు కొద్దిగా తప్పించినా పదేళ్లలో పది కిలోలు చేరుతాయి.

కదలిక తగ్గడం రెండో కారణం, ఆహారమంత పెద్దది కాదు. టాంజానియాలో వేట, సేకరణ మీద బతికే హడ్జా ప్రజల శక్తి ఖర్చును హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో కొలిచింది. వారు రోజంతా ఎంతో నడుస్తారు. అయినా శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే వారి మొత్తం రోజువారీ ఖర్చు కూర్చుని పనిచేసే పాశ్చాత్యుల ఖర్చుకు దగ్గరగానే ఉంది. శరీరం ఒక చోట పెరిగిన ఖర్చును మరో చోట సర్దుకుంటుంది. వ్యాయామం వల్ల గుండెకు, కండరాలకు, నిద్రకు, మనసుకు కలిగే మేలు అపారం. బరువు తగ్గలేదన్న నిరాశతో దాన్ని మానేయడం కన్నా పొరపాటు లేదు. కానీ తిండి విషయం వదిలేసి వ్యాయామంతోనే బరువు దిగిపోతుందని ఆశ పెట్టడం కూడా సరికాదు.

నిద్ర సంగతి చాలా మంది ఊహించరు. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిచ్చారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. రాత్రి పాళీల్లో పనిచేసేవారి బరువు ఎందుకు పెరుగుతుందో ఇందులో కొంత సమాధానం ఉంది. కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి: స్టెరాయిడ్లు, ఇన్సులిన్, ఓలాంజపీన్, క్లోజపీన్ వంటి మానసిక వ్యాధుల మందులు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్. అవసరమైన మందును ఎవరూ సొంతంగా ఆపకూడదు. దాని వల్ల పెరిగిన బరువుకు రోగిని తప్పుపట్టకూడదు. థైరాయిడ్ లోపం బరువును కొద్దిగానే పెంచుతుంది, దాని మీద మోపే భారం ఎక్కువ. కుషింగ్ సిండ్రోమ్ వంటి హార్మోను జబ్బులు అరుదు.

పుట్టక ముందే పడే ముద్ర ఒకటుంది. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతం తీవ్రమైన కరువు అనుభవించింది. గర్భం తొలి సగంలో ఉండగా తల్లి ఆ ఆకలిని చవిచూసిన మగపిల్లల్లో 19 ఏళ్లు వచ్చేసరికి ఊబకాయం ఎక్కువగా కనిపించింది. గర్భిణికి మధుమేహం ఉన్నా, అధిక బరువు ఉన్నా బిడ్డకు ఆ ముప్పు పెరుగుతుంది. ఇక పేదరికం. తక్కువ డబ్బుకు ఎక్కువ కేలరీలు దొరికేది నాసిరకం ఆహారంలోనే. తీరిక లేని పని, వండుకునే సమయం లేకపోవడం, భయం లేకుండా నడిచే చోటు లేకపోవడం, ఎడతెగని ఒత్తిడి, ఇవన్నీ ఒకే ఇంటి మీద పడతాయి. ఒకే కుటుంబంలో పోషకాహార లోపం, ఊబకాయం కలిసి ఉండటం ఇప్పుడు అనేక దేశాల్లో వైద్యులకు తెలిసిన దృశ్యం.

కొలత ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. ఈ సూత్రాన్ని 1830లలో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడోల్ఫ్ కెట్లే జనాభా సగటులను వర్ణించడానికి రూపొందించాడు, ఒక్కొక్క మనిషి ఆరోగ్యాన్ని తేల్చడానికి కాదు. దీనికి ఇప్పటి పేరు పెట్టింది 1972లో ఆన్సెల్ కీస్. కండ ఎక్కువున్నవారిని ఇది లావు కింద లెక్కిస్తుంది, కండ తక్కువై పొట్టలో కొవ్వున్నవారిని వదిలేస్తుంది. ఆసియా జనాభాలో తక్కువ బీఎంఐకే మధుమేహం వస్తున్నందున 23 నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదన్న సూత్రం సులువైనది, చాలా సందర్భాల్లో ఇంకా ఎక్కువ సమాచారం ఇచ్చేది.

2025 జనవరిలో ఒక అంతర్జాతీయ నిపుణుల సంఘం ఒక అడుగు ముందుకు వేసింది. కొవ్వు అధికంగా ఉన్నా అవయవాలు ఇంకా దెబ్బతినని స్థితి వేరు, దాని వల్ల అవయవాల పనితీరు దెబ్బతిన్న స్థితి వేరు అని విడదీసింది. మొదటిది రాబోయే ముప్పు, రెండోది అప్పటికే వచ్చిన వ్యాధి. ఈ విభజన అవసరమైనదే. ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరికి ఏ జబ్బూ లేకపోవడం, మరొకరికి నాలుగు జబ్బులుండటం వైద్యులు రోజూ చూసేదే.

కొవ్వు ఎక్కడ చేరిందన్నదే అసలు ప్రశ్న

ఆ తేడా ఎందుకు వస్తుందో మొదట పట్టుకున్నవారిలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరపు వైద్యుడు జాన్ వాగ్ ఒకరు. పొట్ట చుట్టూ కొవ్వు చేరినవారికి మధుమేహం, రక్తనాళాల జబ్బులు ఎక్కువగా వస్తాయని, తుంటి, తొడల దగ్గర చేరినవారికి అంతగా రావని ఆయన 1947లోనే రాశాడు. ఇప్పుడు దాని వెనుక ఉన్న తర్కం కూడా తెలుసు.

చర్మం కింది కొవ్వు నిజానికి మనకు రక్షణ. పంట ఎక్కువైతే గాదె నిండుతుంది, గాదె పొంగితే ధాన్యం ఇల్లంతా చిందుతుంది. చర్మం కింది కొవ్వు కణాలు సాగినంత కాలం అదనపు కొవ్వు అక్కడే భద్రంగా ఉంటుంది. వాటి సామర్థ్యం మించాక కొవ్వు చేరకూడని చోట్లకు పోతుంది: కాలేయం, క్లోమం, కండరాలు, గుండె చుట్టూ, పొట్టలోని అవయవాల మధ్య. ఆ సామర్థ్యం అందరికీ ఒకేలా ఉండదు. దీనికి తిరుగులేని రుజువు లిపోడిస్ట్రఫీ అనే అరుదైన వ్యాధి. ఆ వ్యాధి ఉన్నవారి శరీరంలో కొవ్వు కణజాలం దాదాపు ఉండదు, చూడటానికి ఎంతో సన్నగా ఉంటారు. అయినా వారికి తీవ్రమైన మధుమేహం, కొవ్వు నిండిన కాలేయం, రక్తంలో విపరీతంగా ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఉంటాయి. దాచుకునే చోటు లేకపోవడమే వారి జబ్బు. ఊబకాయంలో చోటు నిండిపోవడం జబ్బుకు దారి తీస్తుంది. రెండు దారులూ ఒకే చోటికి చేరుతాయి.

ఉబ్బిపోయిన కొవ్వు కణాలు ఊరికే ఉండవు. వాటి చుట్టూ రోగనిరోధక కణాలు చేరి వాపును రేపే రసాయనాలు విడుదల చేస్తాయి. జ్వరం రాదు, నొప్పి ఉండదు, కానీ సన్నని సెగ లాంటి ఆ వాపు ఏళ్ల తరబడి రక్తనాళాలను, అవయవాలను దెబ్బతీస్తుంది. రక్షణ ఇచ్చే అడిపోనెక్టిన్ అనే హార్మోను తగ్గిపోతుంది.

అన్నిటికన్నా బలమైన సంబంధం టైప్ 2 మధుమేహంతో. కాలేయంలో కొవ్వు పెరిగినప్పుడు అది ఇన్సులిన్ మాట వినడం మానేసి, అవసరం లేకపోయినా గ్లూకోజును రక్తంలోకి వదులుతూ ఉంటుంది. క్లోమం మరింత ఇన్సులిన్ తయారు చేసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. క్లోమంలో కూడా కొవ్వు చేరి ఇన్సులిన్ కణాలు అలసిపోయాక చక్కెర పెరుగుతుంది. పరీక్షలో మధుమేహం బయటపడే నాటికి లోపల ఈ కథ ఏళ్లుగా నడుస్తూ ఉంటుంది. దీన్ని వెనక్కి తిప్పవచ్చని బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనం చూపింది. మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వారికి తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించారు. ఏడాది తరువాత వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర మధుమేహ స్థాయి కిందికి వచ్చింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో ఆ వంతు 86 శాతం. జీవితాంతం మోయక తప్పదని చెప్పే జబ్బు విషయంలో ఇది చిన్న వార్త కాదు, తొలి ఏళ్లలోనే రోగికి ఈ సంగతి చెప్పాల్సిన బాధ్యత వైద్యులది.

కొవ్వు నిండిన కాలేయం మద్యం ముట్టనివారికీ వస్తుంది. ఎక్కువ మందికి ఏ లక్షణమూ ఉండదు. కొందరిలో అది వాపుగా, తరువాత మచ్చలుగా, చివరికి కాలేయం గట్టిపడిపోయే సిరోసిస్‌గా, క్యాన్సర్‌గా మారుతుంది.

గుండె మీద భారం అనేక వైపుల నుంచి పడుతుంది. మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా పట్టి ఉంచుతాయి, నాడీ వ్యవస్థ ఉత్తేజితమవుతుంది, రక్తపోటు పెరుగుతుంది. మంచి కొలెస్టరాల్ తగ్గి ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. గుండె కండరం మందమై సరిగా సడలలేకపోతుంది. గుండెపోటు, పక్షవాతం, గుండె లయ తప్పడం, గుండె వైఫల్యం, మూత్రపిండాల జబ్బు ఈ దారిలో వచ్చేవే.

మెడ చుట్టూ, నాలుక అడుగున చేరిన కొవ్వు నిద్రలో శ్వాస మార్గాన్ని మూసేస్తుంది. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. పెద్ద గురక, మధ్యలో శ్వాస ఆగడం, ఉక్కిరిబిక్కిరై లేవడం, పగలంతా మత్తు దీని గుర్తులు. ఇలా చెడిన నిద్ర ఆకలి హార్మోన్లను తిప్పి బరువును ఇంకా పెంచుతుంది. చాలా మంది గురకను గాఢ నిద్రకు గుర్తు అనుకుని ఏళ్ల తరబడి వైద్యుడికి చెప్పరు. చెప్పాల్సిన సంగతుల్లో ఇది మొదటిది.

క్యాన్సర్‌తో ఉన్న సంబంధం ఇంకా తక్కువ మందికి తెలుసు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో 13 రకాల క్యాన్సర్ల విషయంలో అధిక కొవ్వుకు సంబంధం ఉందని నిర్ధారించింది. పెద్దపేగు, కాలేయం, క్లోమం, మూత్రపిండాలు, పిత్తాశయం, అండాశయం, గర్భాశయ లోపొర, నెలసరి ఆగిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ అందులో ఉన్నాయి. నెలసరి నిలిచిపోయాక స్త్రీ శరీరంలో ఈస్ట్రోజెన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వు కణజాలంలోనే. కొవ్వు ఎక్కువైతే ఆ హార్మోను ఎక్కువవుతుంది, రొమ్ము, గర్భాశయ కణాలకు ఎదుగుదల సంకేతం ఆగకుండా అందుతుంది. అధిక ఇన్సులిన్, వాపు కూడా తోడవుతాయి. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించుకోవడం ఊబకాయం ఉన్న స్త్రీలకు మరింత ముఖ్యం.

మోకాళ్ల విషయంలో లెక్క సూటిగా ఉంటుంది. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కీళ్ల అరుగుదల ఉన్నవారిలో కొలిచి చూశారు. పిత్తాశయ రాళ్లు, గౌట్ అనే కీళ్లవాపు, గుండెమంట, ఉబ్బసం తీవ్రం కావడం, పురుషుల్లోనూ స్త్రీలలోనూ సంతానలేమి, గర్భధారణలో రక్తపోటు, కాన్పు సమస్యలు కూడా ఇందులో భాగమే.

ఈ జాబితాలో ఎప్పుడూ చేర్చని ఒక హాని ఉంది, అది అవమానం. ఏ బాధతో వచ్చినా ముందు బరువు తగ్గి రమ్మని పంపించే వైద్యం వల్ల, బరువుతో సంబంధం లేని జబ్బులు గుర్తింపు లేకుండా ముదిరిపోతాయి. ఒకసారి మాటపడినవారు ఆస్పత్రికి రావడమే మానేస్తారు, పరీక్షలు వాయిదా వేస్తారు. బరువు గురించి ఎగతాళికి గురైన పిల్లలు సన్నబడరు. ఆ తరువాతి ఏళ్లలో వారి బరువు ఇంకా పెరుగుతుందని దీర్ఘకాల అధ్యయనాలు చూపాయి. సిగ్గు పడేలా చేస్తే మారతారన్న నమ్మకం వైద్యంగా విఫలమైంది, మానవత్వంగా ఎప్పుడో విఫలమైంది.

తగ్గిన బరువు ఎందుకు తిరిగి వస్తుంది

అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో పాల్గొని భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తరువాత మళ్లీ పరీక్షించారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, ఎక్కువ మందికి పోయిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చింది. అయినా విశ్రాంతిలో వారి శరీరాలు ఆ బరువుకు ఉండాల్సిన దాని కన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. ఆస్ట్రేలియాలో 2011లో జరిగిన మరో పరిశోధనలో, బరువు తగ్గిన ఏడాది తరువాత కూడా ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువగా, తృప్తినిచ్చేవి తక్కువగానే ఉన్నాయి. అంటే శరీరం తాను చేరుకున్న గరిష్ఠ బరువును తనదిగా భావించి, దాన్ని పోగొట్టుకోవడాన్ని కరువుగా లెక్కిస్తుంది. తిరిగి బరువు పెరిగినవారు ఓడిపోయినట్టు కుంగిపోతారు. వారు పోరాడినది చాలా కొద్ది మందే ఎక్కువ కాలం గెలవగలిగే ఆకలితో అని వారికి ఎవరైనా చెప్పాలి.

అలాగని చేతులెత్తేయాల్సిన పని లేదు. మేలు కలగడానికి సన్నగా మారనక్కర్లేదు. అమెరికాలో మధుమేహ ముప్పున్న 3,234 మందితో జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టారు. మధుమేహం వచ్చినవారి సంఖ్య 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మందుతో తగ్గింది 31 శాతమే. తీవ్రమైన ఊబకాయానికి జీర్ణాశయ శస్త్రచికిత్సలు ఎక్కువ కాలం నిలిచే ఫలితం ఇస్తాయి. అవి జీర్ణాశయాన్ని చిన్నది చేయడంతో పాటు పేగు హార్మోన్లను కూడా మారుస్తాయి. చేయించుకున్నవారిలో మరణాలు తగ్గాయని స్వీడన్‌లో సాగిన సుదీర్ఘ అధ్యయనం చూపింది.

కొత్త మందులు అదే హార్మోన్ల దారిలో వచ్చాయి. జీఎల్‌పీ-1ను అనుకరించే సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గినట్టు 2021లో తేలింది. గుండె జబ్బు ఉండి మధుమేహం లేని 17,604 మందిలో అది గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధిత మరణాలను 20 శాతం తగ్గించిందని 2023లో వెల్లడైంది. టిర్జెపటైడ్ అనే మరో మందు అత్యధిక మోతాదుతో 72 వారాల్లో తగ్గుదల 20 శాతం దాటింది. ఈ మందులు వాడినవారు ఎక్కువగా చెప్పేది, తిండి గురించిన ఎడతెగని ఆలోచన ఆగిపోయిందని. వాంతులు, వికారం, మలబద్ధకం, విరేచనాలు వచ్చే అవకాశం ఉంది. కొవ్వుతో పాటు కండ కూడా తగ్గుతుంది కాబట్టి తగినంత ప్రోటీన్, కండరాల వ్యాయామం తప్పనిసరి. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో పోయిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చాయి. రక్తపోటు మందు ఆపితే రక్తపోటు పెరిగినట్టే ఇది కూడా. దీర్ఘకాలిక వ్యాధి అన్నాక చికిత్స కూడా దీర్ఘకాలమే.

చికిత్స ఇంత కష్టమైన చోట నివారణకు ఉండే విలువ వేరు. స్వీడన్ పరిశోధకులు 2008లో చూపినదాని ప్రకారం, కొవ్వు కణాల సంఖ్య బాల్యంలో, కౌమారంలో నిర్ణయమై పెద్దయ్యాక దాదాపు స్థిరంగా ఉంటుంది. బరువు తగ్గితే కణాలు చిన్నవవుతాయి కానీ వాటి సంఖ్య తగ్గదు. 2022లో 5 నుంచి 19 ఏళ్ల వయసులో 39 కోట్ల మంది అధిక బరువుతో ఉన్నారు, అందులో 16 కోట్ల మందికి ఊబకాయం. ఏ ఆహారం ప్రకటనల్లో కనిపించాలో, బడి పక్కన ఏం అమ్మాలో ఆ పిల్లలు నిర్ణయించలేదు. నిర్ణయించగలిగేది ప్రభుత్వాలు. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద పన్ను వేసింది, వాటి కొనుగోళ్లు తగ్గాయి. బ్రిటన్ 2018లో చక్కెర మోతాదును బట్టి పన్ను అమల్లోకి తెచ్చేలోపే చాలా మంది తయారీదారులు పానీయాల్లో చక్కెర తగ్గించారు. తాగేవారు తమ అలవాటు మార్చుకోకుండానే వారి ఒంట్లోకి వెళ్లే చక్కెర తగ్గింది. చిలీ 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు ఎక్కువున్న ప్యాకెట్ల ముందు భాగాన నల్లటి ఎనిమిది పలకల హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి చేసింది. ఆ ముద్ర ఉన్నవాటిని బడుల్లో అమ్మకూడదు, పిల్లలను ఆకర్షించేలా ప్రకటించకూడదు.